కాసులమ్మ పటంలో రెండు కొండలు

మహారాణిపేట వాలులో మా ల్యాబు.
కిటికీ తీస్తే హార్బరు క్రేన్ల మెడలు.
తీయను. ఇనుప ఖనిజం దుమ్ము
స్లైడ్ల మీద ఎర్రగా వాలుతుంది.

ఆ రోజు పదకొండో నమూనా:
పెంటకోట కాసులమ్మ, నలభై నాలుగు,
చేపల రేవు, నడుంనొప్పి.
సీరంలో ప్రొటీన్లని కరెంటుతో పరిగెత్తించాను.
అన్నిటిలోకీ ఎక్కువుండేది ఆల్బుమిన్;
ఎవరి పటం చూసినా అదొక్కటే నిటారు కొండ.
ఈమెకి రెండు.
రాస్ కొండా దర్గా కొండా
భుజాలు రాసుకుని నిలబడ్డట్టు.

మిషన్ తప్పనుకున్నాను. బఫర్ మార్చాను.
రెండే.
పెన్సిలిన్ ఎక్కువై అతుక్కున్నా ఇలా చీలుతుందని
మందుల చీటీ అడిగాను.
నడుముకి బామ్ తప్ప ఏమీ లేదంది.

"ఆల్బుమినంటే ఏటి మేడమ్?"

ఐదువందల ఎనభై అయిదు కణికల ఒకే తాడు,
పడవ అడుగున మోకు పడుకున్నట్టు చుట్టలు చుట్టలుగా,
పదిహేడు గంధకపు ముళ్లతో బిగిసి
మూడు అరల గుండె ఆకారంలో...
అని చెప్పలేదు.
"మీ రక్తంలో కళాసీ" అన్నాను.

నీళ్లలో కలవని సరుకంతా దాని మూపునే.
కొవ్వు మోస్తుంది. రాగి, కాల్షియం మోస్తుంది.
పచ్చటి బిలిరుబిన్ని ఎత్తుకెళ్లి
లివరు గుమ్మంలో దించుతుంది.
నొప్పిబిళ్లకి ఒక అర, రక్తం పలచబరిచే బిళ్లకి ఇంకోటి.
ఒకే అరకి ఇద్దరొస్తే సింహాచలం బస్సులో సీటు గొడవే;
చోటు దొరకనివాడు విడిగా తిరుగుతాడు,
డాక్టర్లకి భయం వాడితోనే.
నీటినీ నాళాల్లో ఆపుతుంది.
అది తగ్గిన రోజు
పాదం మీద వేలు నొక్కితే గుంట గుంటలాగే ఉండిపోతుంది.

పట్టు మాత్రం బిగించదు.
ఎత్తుకోవడం ఎంత పనో వదిలెయ్యడమూ అంతే పని.
వదలనిది కళాసీ కాదు, దొంగ.
"మా రేవులో ఇద్దరూ ఒకలే మేడమ్" అని నవ్వింది కాసులమ్మ.

డాక్టరుగారు పటం చూసి తేలిగ్గా చెప్పేశారు:
జబ్బు కాదు, మందు లేదు, పుట్టుకతో వచ్చింది.
గొలుసులో ఒకచోట గ్లుటామిక్ ఆమ్లం బదులు
లైసిన్ కూర్చుని ఉండొచ్చు. అంతే.
ఛార్జీ మారి ఆ రెండోది
కొంచెం వెనకబడి నడుస్తుంది.
మోసే బరువు మాత్రం మోస్తూనే ఉంటుంది.

"పుట్టుకంటే? అమ్మదా, అయ్యదా?"

మర్నాడు తల్లి తెడ్డు సిమ్మాచలమ్మని తీసుకొచ్చింది.
సూది కంటే సీసా మూత రంగుకే ముసలామె జడిసింది.
సాయంత్రానికి ఆమె పటం వచ్చింది.
ఒకటే కొండ.

కాసులమ్మకి మూడేళ్లప్పుడు
వీరావల్ బోట్ల మీదకి పోయాడు తండ్రి.
ఉత్తరం లేదు, డబ్బు లేదు, శవం లేదు.
ఫొటో ఎప్పుడూ లేదు.
"ఆడి మొకం నాకే గురుతు నేదమ్మా" అంది ముసలామె.

ఈ మార్పు కాసులమ్మతోనే కొత్తగా మొదలై ఉండొచ్చు కూడా.
అలాంటివి అరుదు.
అరుదన్న ధైర్యంతో ఆ మాట మింగేశాను.

ఒక్కో అణువు బతికేది ఇరవై రోజుల పైచిలుకు.
పోయినదాని చోట లివరు కొత్తది నేస్తుంది,
ఆ ఒక్క కణికా అలాగే మార్చి,
నలభై నాలుగేళ్లుగా,
మర్చిపోకుండా.

"ఇందులో మా అయ్యది ఏది?"
వేలు పెట్టి చూపించాను, ఆలస్యంగా వచ్చేదాన్ని.
కాసులమ్మ మాట్లాడలేదు.
కాగితం నాలుగు మడతలు పెట్టి
చేపల డబ్బుల సంచిలో దోపుకుంది.

ముసలామె మాత్రం కళ్లు చికిలించి
గోడ మీద ఎవరినో చూస్తున్నట్టు:
"అవును. ఎనకే నడిసీవోడు.
సంతకెల్లినా, గుడికెల్లినా,
పది అడుగులు ఎనకే."